నక్క అడిగిన మూడొందల ముళ్లు

వాగు ఒడ్డున ఒక ముళ్లపంది ఉండేది. రాలిపోయిన తన ముళ్లు ఇచ్చి దుంపలు తెచ్చుకునేది. ఒకరోజు నక్క వచ్చి, "తోక దువ్వుకోవడానికి మూడొందల ముళ్లు కావాలి" అంది. అది తెచ్చిన గంపెడు దుంపలు చూసి ముళ్లపంది ఇంకేమీ అడగలేదు. పైగా ముళ్ల మోపు తనే మోసుకుంటూ వెంట నడిచింది.

రేవు దగ్గర కాపలా ఉన్న తాబేలు ఇద్దరినీ ఆపింది. పదునైనవి వాగు దాటితే ఎవరికి, ఎందుకు అని అడగాలని రెండు ఒడ్ల జంతువులూ ఒప్పందం చేసుకున్నాయి.

"నీకెన్ని తోకలు బాబూ?" అంది తాబేలు.

"మా చుట్టాలక్కూడా!" అంది నక్క.

"అలాగే. దువ్వెనకి మొనతో పనిలేదుగా, విరిచేసి పంపిస్తాను."

"మొన లేకపోతే ఎలా గుచ్చు..." అంటూనే నక్క నాలిక్కరుచుకుని కింది రేవుకు పరుగెత్తింది. అక్కడ కాపలా ఉన్న ఎండ్రకాయ కూడా అదే అడిగేసరికి ముళ్లు వదిలేసి పోయింది.

"నా బేరం చెడగొట్టావు!" అని ముళ్లపంది తాబేలు మీద మండిపడింది.

"ఆ ముళ్లు రేపు నీ మీదికే వస్తే? నీ ఒంటి మీద ముళ్లు లేని చోటు ఏదో చెప్పు."

ముళ్లపంది పొట్ట ముడుచుకుంది.

మర్నాడు గూడు కుట్టుకోవడానికి ఒక పిట్ట ఒకే ఒక్క ముల్లు అడిగింది. ఎందుకు, ఎక్కడికి అని ముళ్లపంది నాలుగుసార్లు అడిగింది.

"నిన్నటిదాకా ఇలా అడగలేదే?" అంది పిట్ట.

"నిన్నటిదాకా నాకు పొట్ట ఉందని గుర్తులేదమ్మా" అంది ముళ్లపంది.