వెనకవైపు పాట

“ఆ రెండో చరణం కోసెయ్ పిల్లా. మిగతాది ఉంచుకో,” అన్నాడు లెక్కల హేడన్.

“కొయ్యను,” అంది రియన్.

వేల్స్ లోయలో గని కార్మికుల హాలు, దాని వెనక గది. బల్ల మీద కంప్యూటరు, పక్కన రికార్డు ప్లేయరు.

గని సమ్మె జరిగి ఇరవై ఏళ్లయిందని వచ్చే శనివారం హాల్లో సభ పెట్టారు. అక్కడ పంచటానికి రియన్ ఒక సీడీ కూరుస్తోంది. అన్నీ టిప్ డాగ్స్ బ్యాండు పాటలే. అందరి నోళ్లలో నలిగినవి కావు. రికార్డుల వెనకవైపు పడి ఉన్నవి, రిహార్సల్ క్యాసెట్లలో మిగిలిపోయినవి.

టిప్ డాగ్స్ ఈ ఊరి కుర్రాళ్లే. బొగ్గుగుట్టల మీద తిరిగే ఊరకుక్కల పేరు పెట్టుకున్నారు. అరవటం కూడా అలాగే అరిచేవాళ్లు. రియన్‌కి బళ్లో చదివే రోజుల నుంచీ ఆ అరుపంటే ప్రాణం.

పేచీ ఒక్క పాట దగ్గరే వచ్చింది.

పాడేవాడి గొంతు పోయిన రోజున, డ్రమ్ములు కొట్టే గెథిన్ పాడిన పాట అది. మరుసటి ఏడు కొండదారిలో బైకు జారి గెథిన్ పోయాడు. వాడి గొంతు ఇంకెక్కడా లేదు.

రెండో చరణంలో వాడు ఒక సమ్మెద్రోహిని పేరు పెట్టి తిట్టాడు.

‘దీపాల డాయ్, దీపాల డాయ్, నీ కంచంలో కూడు బొగ్గు కన్నా నలుపు!’

“గనిలో దీపాలు పంచేవాడు. మేం పస్తులుంటే వాడు పనిలోకి పోయాడు. వాడి పేరు ఈ హాల్లో పలకం. తిట్టటానికైనా సరే,” అన్నాడు హేడన్. హాలు కమిటీ కార్యదర్శి, లెక్కలు రాసేదీ ఆయనే.

“పలికేది మీరు కాదుగా మామా. గెథిన్.”

“పక్క లోయ నుంచి కోడలుగా వచ్చినదానివి. నీకేం తెలుసు?”

“సమ్మె మా లోయలోనూ జరిగింది. పాలపళ్లతో సమ్మె వంటశాలలో సూప్ తాగినదాన్ని. నాకు తెలుసు.”

“అయినా నీ రికార్డు సరిగ్గా అక్కడే గీత పడిందిగా. సూది ఎగిరి పడుతోంది. ఆ దేవుడే కోసేశాడు, నీకెందుకు శ్రమ!” అని నవ్వుకుంటూ హేడన్ టీ తెచ్చుకోవటానికి వెళ్లాడు.

ఆ మాట నిజమే. మంచి రికార్డు ఉంటే ఇమ్మని రియన్ పేపర్లో కూడా వేయించింది. ఎవరూ రాలేదు.

తలుపు దగ్గర అలికిడైంది. ఒక ముసలాయన. టోపీ తీయలేదు. గడప దాటలేదు.

“రికార్డు కావాలన్నది మీరేనా?”

“నేనే. లోపలికి రండి.”

“ఇక్కడే బాగుంది.”

కోటు లోపల నుంచి కాగితంలో చుట్టిన రికార్డు తీసి చెయ్యి చాపాడు.

రియన్ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. ముందువైపు కొత్త అద్దంలా మెరుస్తోంది. వెనకవైపు అరిగి అరిగి బూడిదరంగుకు తిరిగింది. గీత మాత్రం ఒక్కటీ లేదు.

“ముందువైపు అసలు విన్లేదా మీరు?”

“అవసరం పడలేదు.”

“రికార్డులు పోగేసేవాళ్లంతా ఇంతే. పదిమందికీ నచ్చింది మీకు ఆనదు,” అని వెక్కిరించింది.

ఆయన నవ్వనూ లేదు, కోపపడనూ లేదు.

రియన్ పాట పెట్టింది. గెథిన్ గొంతు బొంగురుగా లేచింది. రెండో చరణం ఎక్కడా తట్టుకోకుండా సాగిపోయింది. గడప అవతల ఆయన నేలను చూస్తూ విన్నాడు. పెదాలు పాటతో పాటు కదిలాయి.

“ఈ చరణం కోసెయ్యమంటున్నారండీ ఇక్కడ.”

చప్పున తలెత్తాడు. “కొయ్యొద్దు!”

రియన్ ఉలిక్కిపడింది.

“వాడు గుండె విప్పి అరిచింది అక్కడే. తక్కినదంతా ఉత్త తాళం. ఒక్క మాట తీసేటట్టయితే నా రికార్డు నాకిచ్చెయ్యండి.”

“తీయను. కుర్చీలు విసిరినా తీయను.”

“మాటేనా?”

“మాటే.”

ఆయన తలూపాడు.

“బదులు మీకేం కావాలి?”

“ఆ సీడీ ఒకటి పంపండి. ఇంగ్లండులో, కోర్బీలో ఉంటాను. ప్యూ అని రాసుకోండి.”

“శనివారం సభకే రండి. అందరితో కూర్చుని వినొచ్చు.”

“బస్సుకు వేళయింది,” అని ఆయన వెనుదిరిగాడు.

హేడన్ టీ కప్పుతో వచ్చాడు. “కోసేశావా?”

“లేదు, కొయ్యను కూడా. కావాలంటే కమిటీలోంచి నన్నే కోసెయ్యండి. ఇదిగో, మంచి రికార్డు దొరికింది.”

హేడన్ దాన్ని తిప్పి చూశాడు. అరిగిన వైపు వేలితో తడిమాడు.

“ఎవరిచ్చారు?”

“కోర్బీ నుంచి ఎవరో ప్యూ అట. అదిగో, బస్సెక్కుతున్నారు.”

“ప్యూ ఎవరు? ఈ ఊళ్లో ఎవర్నైనా ఇంటిపేరుతో పిలిచి చచ్చామా?” అంటూ హేడన్ కిటికీ దగ్గరికి నడిచాడు.

అక్కడే ఆగిపోయాడు. టీ ఒలికి చేతిమీద పడినా చూసుకోలేదు.

“లోపలికి రమ్మన్నావా?”

“రమ్మన్నాను. గడప దాటలేదు.”

“ఎలా దాటుతాడు? గెథిన్‌ను మట్టిలో పెట్టిన రోజు శ్మశానం గేటు దాటనివ్వలేదు మేం.”

రియన్ వీధిలోకి పరుగెత్తింది. బస్సు మలుపు తిరిగిపోయింది.

రొప్పుతూ తిరిగొచ్చింది. “ఎవరు మామా ఆయన?”

హేడన్ రికార్డును ప్లేయరు మీద పెట్టి, సూదిని రెండో చరణం దగ్గర దించాడు.

‘దీపాల డాయ్, దీపాల డాయ్...’

“ఆయనే,” అన్నాడు హేడన్. “గెథిన్ వాళ్ల నాన్న.”