మూరెడు పొడుగు

"బండి పాడు చేసేసేవే," అన్నాడు జాన్ బాబు అన్నయ్య, పికప్పు చుట్టూ తిరిగి.

అనకాపల్లి మార్కెట్టుకి నాన్న బెల్లం తోలిన పాత జీపు పికప్పు అది. పెరట్లో తుప్పు పట్టి పడుంటే ఇంజను విప్పి, రేకులు మార్చి, నేనే రంగేసేను. పాత బళ్ళు కొనే వైజాగాయన్ని అన్నయ్య మాట్లాడి ఉంచేడు. ఈలోగా నేను వెనక బాడీ కోసి, మూరెడు పొడుగు పెంచి వెల్డింగ్ చేసేను.

"కంపెనీ ఇచ్చినట్టు ఉంటేనే ఆయన కొంటాడు. ఎవర్నడిగి కోసేవు, సువార్తా?"

"ఎవర్నీ అడగలేదు. బండి నేనమ్మను."

"అమ్మక ఏటి చేత్తావు? బెల్లానికి పాత సైజు చాలదా?"

"బెల్లానికి చాల్తాది. పెట్టెకి చాలదు."

ఏ పెట్టో అన్నయ్యకి చెప్పక్కర్లేదు. నాన్న పోయినరోజు మా వీధి పేరు వినగానే శవాల వ్యాను రానంది. నాన్న పొడుగు మనిషి. సామాన్ల ఆటోలో శవపెట్టె సగం బయటికే ఉండిపోతే, అన్నయ్య దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని సమాధుల తోట దాకా వెనకే నడిచేడు. బజారంతా చూసింది.

"ఇంక మన వీధిలో ఎవరి పెట్టే అలా వెళ్ళదు," అన్నాను. "నీ వైజాగాయనకి కూడా ఇదే చెప్పు."

అన్నయ్య చెప్పులు విడిచి బాడీలోకెక్కేడు. అతనిదీ నాన్న పొడుగే. కాళ్ళు బారజాపి వెల్లకిలా పడుకున్నాడు.

"వెనక డోరు ముయ్యి," అన్నాడు.

మూసేను. గడియ పడింది.