సానిక చేర్చినవి

"మా అమ్మాయి జాబితా ఏదీ?" ధోపేశ్వర్కర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

కేతకి నవ్వుతూ స్క్రీన్ చూపించింది. "ఇకనుంచి ఎవరి జాబితా వాళ్లదే కాకా. తర్వాత చూద్దామని ఇంట్లో నలుగురూ దాచుకున్న సినిమాలన్నీ ఒకే కుప్పలో పడేవి కదా, విడదీసేశాం. మీవి మీకు, ఆమెవి ఆమెకు."

"ఆమె ఏం దాచుకుందో నాకు కనిపించదా?"

"ఒక్కటి కూడా కనిపించదు!" అంది కేతకి గర్వంగా. మరి ఏడాదిపాటు నిద్ర మానుకుని చేసిన డిజైన్ అది. సోమవారం నుంచి అందరి ఇళ్లలోనూ మారిపోతుంది. చివరిసారిగా తమ సినిమాల యాప్ చందాదారులు కొందరిని ముంబయిలోని అంధేరీ ఆఫీసుకు పిలిచి చూపిస్తున్నారు. పొద్దుటినుంచి వచ్చినవాళ్లంతా బ్రహ్మాండం అన్నవాళ్లే. ఈయనొక్కడే అడ్డం తిరిగాడు.

"అయితే నాకొద్దు. పాతదే ఉంచండి."

"అందరూ ఇదే బాగుందన్నారు కాకా."

"అందరి కూతుళ్లూ ఇంట్లోనే ఉండి ఉంటారు!"

కేతకి చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేసింది. ఆయన మళ్లీ కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు సిటీ బస్సులో కండక్టరుగా అరిచిన మనిషి, ఇప్పుడు గొంతు తగ్గించి చెప్పాడు.

"దీపావళి మర్నాడు నాతో గొడవపడి వెళ్లిపోయింది సానిక. తప్పు నాదే, నోరు పారేసుకున్నాను. ఫోను మూగబోయింది. స్నేహితులెవరికీ తెలీదు. పోలీసులు కాగితం రాసుకుని పంపించేశారు. ఒక నెల నరకం చూశామనుకో. ఆ తర్వాత ఒకరోజు టీవీ పెడితే, జాబితాలో కొత్త సినిమా! పక్కనే 'సానిక చేర్చింది' అని ఉంది. అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఒకటి చేరుస్తుంది. అది చూశాకే మా ఆవిడ పొయ్యి వెలిగిస్తుంది."

"ఎక్కడినుంచి చేరుస్తోందో కనుక్కోమని పోలీసుల్ని అడగలేదా?"

"అమ్మో, వద్దు! వెతుకుతున్నామని తెలిస్తే అదీ మానేస్తుంది. ఎక్కడుంటే ఏంటి తల్లీ, బతికుంది, అది చాలు. మొన్న దెయ్యాల సినిమా చేర్చింది. ఇంట్లో ఉన్నప్పుడు దెయ్యమంటే వాళ్లమ్మ కొంగు పట్టుకుని ఏడ్చే పిల్ల! ఒంటరిగా ఉండి ధైర్యం వచ్చినట్టుంది." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "ఆ ఒక్క వరసా తీసెయ్యకండి. మీకు పుణ్యముంటుంది."

కేతకి ఆయనకు టీ తెప్పించి, పక్క గదిలో ఉన్న నచికేత్ దగ్గరికి పరుగెత్తింది. అతను ఆమె పై అధికారి.

"ఒక్క ముసలాయన కోసం అంతా ఆపమంటావా? మతి గానీ పోయిందా నీకు?" అన్నాడు నచికేత్ అంతా విని.

"అంతా ఆపక్కర్లేదు. ఆ ఒక్క ఇంటికి పాతది ఉంచు."

"ఇవాళ ఒక ఇల్లు అంటావు, రేపు వంద అంటావు."

"ఉంచకపోతే సోమవారం మార్పుకి నేను సంతకం పెట్టను నచికేత్. ఉద్యోగం తీసేస్తే తీసెయ్, పోతాను."

ఇంత మాట ఆమె ఎప్పుడూ అనలేదు. నచికేత్ ల్యాప్‌టాప్ తెరిచాడు. "సరే, ఖాతా నంబరివ్వు. దాన్ని విడిగా పెట్టిస్తాను. నా ప్రాణం తియ్యకు."

కేతకి నంబరు చెప్పి ఒక్క అంగలో వెనక్కొచ్చింది. "ఒప్పుకున్నారు కాకా! మీ ఇంట్లో ఏమీ మారదు!"

ధోపేశ్వర్కర్ రెండు చేతులూ ఆమె తల మీద పెట్టాడు. వెంటనే భార్యకు ఫోన్ చేశాడు. "ఏమే, వింటున్నావా? మన సానికని ఎవరూ తీసెయ్యరట! ఇక్కడ ఒక బంగారుతల్లి ఉందిలే. నువ్వు ఏడవకు, వచ్చేస్తున్నా." డోంబివ్లీ లోకల్ రైలు అందుకోవాలంటూ టీ కూడా తాగకుండానే మెట్లు దిగిపోయాడు. కిటికీలోంచి ఆయన రోడ్డు దాటేదాకా చూసింది కేతకి. ఏడాది పనికి ఇవాళ ఫలితం దక్కిందనుకుంది.

వెనక్కి తిరిగేసరికి నచికేత్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతుల్లో ల్యాప్‌టాప్ పట్టుకుని. మొహం పాలిపోయింది.

"ఆ పిల్ల ఎప్పుడు వెళ్లిపోయిందన్నాడు?"

"దీపావళి మర్నాడు. ఎందుకు?"

"ఆ రోజు తర్వాత ఆమె పేరుతో ఇంతవరకూ ఎవరూ యాప్ తెరవలేదు కేతకీ. నెలరోజులు చూడటం మానేసినవాళ్లను మళ్లీ రప్పించడానికి, వాళ్ల పేరు మీద రోజుకో సినిమా మన మెషినే చేర్చేలా పెట్టింది నువ్వే కదా?"