బలం గోలీలు

"ఈ గోలీలు షురూ చేసినప్పటి సంది నువ్వు లావైతున్నవ్ బిడ్డా. మోరీల పారబోస్త!" సీసా చేతబట్టుకుని శారదమ్మ వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

కోడలు కల్పలత చప్పున సీసాకు చెయ్యి చాచింది. అది కాల్షియం సీసాయే గానీ అందులో ఉన్నది కాల్షియం కాదు. మనవణ్ణి ఎప్పుడెత్తుకుంటానా అని కాచుకుని ఉన్న అత్తగారి కంట పడకూడదని, పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రలు విప్పి అందులో పోసుకుంది. సోమవారమే రైల్వే వెయిట్‌లిఫ్టింగ్ జట్టు సెలక్షన్. ఈసారి తప్పితే మళ్లీ పిలుపు రాదని కోచ్ తేల్చి చెప్పేశాడు. పొద్దున తూకమేమో ఆమె పోటీపడే బరువు తరగతి కన్నా రెండు కిలోలు ఎక్కువ చూపించింది.

"వాటితోని లావు కారు అత్తమ్మా. డాక్టరమ్మనే చెప్పింది."

ఆ ఒక్క మాటా నిజమే. వీటివల్ల చాలామందికి బరువులో పెద్ద తేడా ఉండదనే చెప్పింది డాక్టరు. మరి నోరు కట్టుకుని, రోజూ మౌలాలి గుట్ట ఎక్కి దిగుతున్నా ఒళ్లెందుకు పెరుగుతోందో కల్పలతకే అంతుబట్టడం లేదు.

"మరి గిట్లెందుకైతున్నవ్?"

"మీ నెయ్యి రొట్టెలే!"

"నా రొట్టెల మీద పడ్డవా? సరే, నిజం జెప్పు. ఇవి ఏసుకుంటే నుక్సాన్ ఏం లేదు గదా?"

"ఏం లేదు. బలానికే."

అబద్ధానికి అబద్ధం తోడైంది. చెబితే ఇల్లు ఊరుకోదు, చెప్పకపోతే సీసా మోరీపాలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కల్పలతకు ఏడుపొచ్చినంత పనైంది.

శారదమ్మ మాత్రం సీసాను పదిలంగా అల్మారాలో పెట్టేసింది. "ఇప్పుడు నా పానం నిమ్మలమైంది."

"మీకెందుకు అంత పరేషాన్?"

"నేరేడ్‌మెట్‌ల మీ ఆడబిడ్డ మాధురికి పెండ్లై ఐదేండ్లాయె, కడుపు పండుతలేదు. దానికి డాక్టరిచ్చిన గోలీలు పని జేస్తలేవు. నువ్వు గంతంత బరువులు లేపుతుంటివి. దానికి సుత జెర బలమొస్తదని రెండు నెలల సంది నీ గోలీలే ఇస్తున్న."

కల్పలత గోడ పట్టుకుంది. "మరి... సీసా నిండుగనే ఉంటున్నది గదా అత్తమ్మా?"

"నీకు తక్కువ జేస్తనా? రెండూ చిన్నగ, పచ్చగ ఒక్కతీరే ఉన్నయి. పిల్లలు కావాలని డాక్టరిచ్చిన దాని గోలీలన్నీ నీ సీసల పోసిన బిడ్డా!"