రోజుకో నొప్పి

“కుడి మోకాలు కాదు బాబూ, ఎడమది,” అన్నాడు పెద్దాయన.

అప్పటికే ప్రోగ్రామర్ ‘సేవ్’ నొక్కేశాడు. రాసింది దిద్దుకునే దారి తను పెట్టనే లేదు.

“ముందే చూసుకుని చెప్పొచ్చుగా తాతగారూ?”

“నొప్పి పుట్టినప్పుడు కుడేమిటి, ఎడమేమిటి?”

ఫిజియోథెరపిస్టు మేడమ్ తలెత్తకుండా ఆయన కాలు వంచుతోంది.

ఫైళ్ళ బదులు ట్యాబ్‌లో రోగుల వివరాలు రాసుకునే సాఫ్ట్‌వేర్ అది. ప్రోగ్రామర్ ఒంటిచేత్తో చేస్తున్నాడు. వాళ్ళింట్లో డిగ్రీ దాకా వచ్చింది అతనొక్కడే. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. వారాంతంలో థెరపిస్టులందరి ముందూ చూపించాలి. అక్కడ తడబడితే సాఫ్ట్‌వేరూ, దాని వెంటే ఉద్యోగమూ పోయినట్టే.

పని మీద అతనికి నమ్మకముంది. బెడదల్లా ఈ పెద్దాయనే.

ఆ రాత్రే దిద్దుకునే దారి పెట్టాడు. మర్నాడు పెద్దాయన భుజం నొప్పన్నాడు.

“సున్నా నుంచి పదిలోపు ఎంత నొప్పి?”

“ఊరికే కూర్చుంటే రెండు. చొక్కా తొడుక్కుంటే ఎనిమిది. ఏది రాస్తావు?”

ఉన్నది ఒక్కటే గడి. పళ్ళు నూరుకుంటూ రెండోది చేర్చాడు.

ఆ మర్నాడు నడుము. మేడమ్ రెండు చేతులా పట్టి వంచుతుండగా ట్యాబ్ తెర ఆరిపోయింది.

“ఆవిడ చేతులు రెండూ నా నడుము మీదున్నాయి. నీ తెరని నా ముక్కుతో తట్టమంటావా?”

నోటితో చెబితే రాసుకునేలా మార్చేసరికి ప్రోగ్రామర్‌కి తల ప్రాణం తోకకొచ్చింది.

“తాతగారూ, మీకు రోజుకో చోట నొప్పి. మీరిక రాకపోతేనే నా పని సాగుతుంది.”

“సాగుతుందంటావా?”

“నాకు నమ్మకముంది.”

“అయితే సరే,” అంటూ ఆయన చకచకా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

చూపించాల్సిన రోజు రానే వచ్చింది. థెరపిస్టులు ఊరుకోలేదు.

ఒకాయన రాసింది దిద్దమన్నాడు. దిద్ది చూపించాడు.

“కదిలితే ఒకలా, కదలకపోతే ఒకలా ఉంటేనో?” అంది ఇంకొకావిడ. రెండు గడులూ చూపించాడు.

మూడో ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, “ఇప్పుడు రాయించు చూద్దాం,” అన్నాడు. ఆయన మాటలే తెర మీద అక్షరాలయ్యాయి.

“ఇక ఫైళ్ళ బీరువాకి తాళం వేసుకోవచ్చు,” అన్నారంతా.

ప్రోగ్రామర్ నేరుగా మేడమ్ దగ్గరికొచ్చాడు.

“తాతగారికి నేనే చెప్పాలి మేడమ్. పాపం, విసుక్కున్నాను.”

“పొద్దున బండికి వెళ్ళిపోయారు తమ్ముడూ. ఇక ఈ ఊరు రారు.”

“అయ్యో, ఆ నొప్పులతోనే వెళ్ళారా?”

“ఏ నొప్పులు? రాయిలాంటి మనిషి.”

అతనికి అర్థం కాలేదు.

“నీకు చెప్పొద్దన్నారు. నేనెవరో తెలిస్తే మర్యాదలు చేస్తాడు గానీ తప్పులు వెతుక్కోడు అన్నారు.”

మేడమ్ తన రెండు అరచేతులూ ఒకసారి చూసుకుంది.

“ఇందాక నిన్ను పరీక్షించిన వాళ్ళమందరం మా తొలి తప్పులు చేసింది, మాకీ పని నేర్పిన ఆ మాస్టారి ఒంటి మీదే.”