ఫ్రైడ్ రైస్‌లో ఈగ

ఉదయ్ అప్పటికే రెండుసార్లు పార్కింగ్ లాట్‌లోకి వెళ్లొచ్చాడు. టై వదులు చేశాడు. మళ్లీ బిగించాడు. లోపల సంస్మరణ సభలో లియాంగ్ గారి ఫొటో ముందు జనం ఒక్కొక్కరే లేచి ఆయన గురించి మాట్లాడుతున్నారు. ఉదయ్ ఆ మాటలు సగమే వింటున్నాడు.

మూడోసారి బయటికొచ్చి అక్షయ్‌కి ఫోన్ చేశాడు. ఎమ్మెస్ రోజుల్లో ఇద్దరూ రూమ్మేట్లు. అక్షయ్ ఇప్పుడు వేరే రాష్ట్రంలో, కమ్మింగ్‌లో ఉంటున్నాడు.

“లియాంగ్ గారావిడకి చెప్పేద్దామనుకుంటున్నాన్రా.”

“పిచ్చెక్కిందా? ఐదేళ్లయింది. ఆ ఈగ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. కండోలెన్స్ చెప్పేసి డ్రైవ్ చేసుకుని ఇంటికెళ్లు.”

“నిద్ర పట్టట్లేదురా.”

“మెలటోనిన్ వేసుకో” అన్నాడు అక్షయ్. వాడికి ప్రతిదానికీ ఒక మాత్ర ఉంటుంది.

అది 2009. డెట్రాయిట్ చుట్టుపక్కల ఎవరి ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందో తెలీని ఏడాది. వీళ్లకి డిగ్రీలొచ్చాయి, ఉద్యోగాలు రాలేదు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో లియాంగ్ గారి చైనీస్ రెస్టారెంట్ వీళ్ల అపార్ట్‌మెంట్‌కి నడిచే దూరం. ఒక మధ్యాహ్నం వెళ్లి కూర్చున్నారు. తమ ఇంటి కిటికీలో దొరికిన ఎండిపోయిన ఈగ ఒకటి ఉదయ్ జేబులో, టిష్యూలో భద్రంగా ఉంది.

“వద్దురా, పాపం పెద్దాయన” అన్నాడు ఉదయ్.

“మనం పాపం కాదా? నిన్నట్నుంచీ నీళ్లే తాగుతున్నాం.”

లియాంగ్ గారు అప్పటికే పక్కన నిలబడి గ్లాసుల్లో నీళ్లు పోస్తున్నారు.

“సగం తిన్నాక వెయ్యి. మొత్తం తిన్నాక వేస్తే నమ్మడు” అన్నాడు అక్షయ్.

ఫ్రైడ్ రైస్‌లో ఈగని చూసి లియాంగ్ గారు తల వంచి సారీ చెప్పారు. బిల్లు వద్దన్నారు. ఆ ప్లేట్లు తీసేసి వేడివేడిగా ఇంకో రెండు తెచ్చారు. వెళ్లేటప్పుడు సూప్ కట్టిచ్చారు. అక్షయ్ దారంతా నవ్వాడు. ఉదయ్‌కి నవ్వు రాలేదు గానీ, సూప్ మాత్రం తాగాడు.

మళ్లీ ఈగతో పని పడలేదు. టీ చెప్పుకుని కబుర్లాడుతూ కూర్చుంటే చాలు, లియాంగ్ గారు ఏదో ఒక ఆర్డర్ తప్పు చేసేవారు. “రాంగ్ ఆర్డర్. యు ఈట్” అని ముందు పెట్టి పోయేవారు. ఇంత మతిమరుపు మనిషి రెస్టారెంట్ ఎలా నడుపుతున్నాడా అని వీళ్ల ఆశ్చర్యం. శనివారాలు అక్షయ్ నీచు ముట్టడు. అదృష్టవంతుడు, శనివారం తప్పులన్నీ వెజిటబుల్ నూడుల్సే. మీదే దేశం, ఏ ఊరని ఆయన ఒక్కసారీ అడగలేదు. అసలు పెద్దగా మాట్లాడే మనిషే కాదు.

తర్వాత ఉద్యోగాలొచ్చాయి. ఉదయ్ దగ్గర్లోనే నోవైలో స్థిరపడ్డాడు.

ఉదయ్ ఫోన్ పెట్టేసి లోపలికొచ్చేసరికి లియాంగ్ గారమ్మాయి మాట్లాడుతోంది. ఇరవై ఏడేళ్లు నాన్న సెలవన్నదే ఎరగడంది. మంచు పడితే పక్క షాపుల ముందు కూడా ఆయనే తోసేవాడంది. కిచెన్‌లో ఒక్క పురుగు కనపడదని ఇన్‌స్పెక్టర్లు మెచ్చుకునేవారట, నాన్నకి గర్వమంటూ ఉంటే అదొక్కటేనట.

తన కిచెన్‌లోంచే ఈగ వచ్చిందనుకుంటూ పోయాడు ఆ మనిషి. ఉదయ్ ఇంక కూర్చోలేకపోయాడు.

ముందు వరసలో మిసెస్ లియాంగ్ ఉంది. ఆమెను చూడటం అదే మొదటిసారి. పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఇంగ్లీషులో గబగబా అంతా చెప్పేశాడు. ఈగ మేమే తెచ్చామన్నాడు. ఆయన కిచెన్ తప్పేం లేదన్నాడు. ఆయనకి చెప్పలేకపోయాను, మీకైనా తెలియాలన్నాడు.

ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

“మేమిద్దరం పుట్టి పెరిగింది కాకినాడలోనే బాబూ, మన పిల్లలు పాపం ఆకలి మీదున్నారని ఆయన ఆ పూటే ఇంటికొచ్చి చెప్పారు” అందామె, తెలుగులో.