పిలుపు అందలేదు

పెళ్ళి రేపు. ఆయన రానంటున్నాడు.

కారణం చిన్నదే. ఊరంతా పంచిన శుభలేఖ ఆయనకు అందలేదు. పాలవాడికి అందింది. ఎదురింట్లో నిన్నగాక మొన్న దిగిన అద్దెవాళ్ళకు అందింది. వాళ్ళ కుక్కకు జ్వరమొస్తే చూడటానికి వచ్చిన డాక్టరుకు కూడా అందింది. ఆయన గుమ్మంలో మాత్రం ఎవరూ కార్డు పట్టుకుని నిలబడలేదు.

"పిలవని చోటికి నేను వెళ్ళను" అని తేల్చేసి ఆయన పేపరు విప్పుకున్నాడు.

దాన్ని అలక అనుకుంటే పొరపాటు. అది ఆయన వృత్తి. ముప్పై ఏళ్ళ పాటు ప్రభుత్వ విందుల్లో ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో నిర్ణయించిన మనిషి. కార్డు మరిచిపోయి వచ్చిన మంత్రిగారిని ఒకసారి గేటు బయటే నిలబెట్టాడు. ఉద్యోగం పోయినా మర్యాదల పట్టింపు పోలేదు. బంధువులు ఆయన్ను చాటుగా 'ప్రోటోకాల్' అంటారు. ఎదురుగా ఏమీ అనరు.

ఇస్త్రీ చేసిన కొత్త సూటు బీరువా తలుపుకి వేలాడుతూనే ఉంది. వెళ్ళాలని ఆయనకూ ఉంది. అలాగని పద్ధతి వదులుకుంటాడా?

అన్న కొడుకు పొద్దున్నుంచీ బతిమాలుతున్నాడు.

"కార్డు లోపల నీ పేరు అచ్చువేశారు కదా బాబాయ్."

"లోపల పేరుండటం వేరు. కవరు మీద పేరుండటం వేరు."

ఇక లాభం లేదని అతను పెళ్ళికూతురి తమ్ముడికి ఫోన్ చేశాడు. తమ్ముడు అప్పుడు హాల్లో పూలవాడితో గొడవపడుతున్నాడు. విషయం విని నీరుగారిపోయాడు. వచ్చిన సంబంధాలన్నీ కాదంటూ వచ్చిన అక్క ఇన్నాళ్ళకు సరేనంది. ఆ సరే మళ్ళీ ఎక్కడ కాదవుతుందోనని అతనికి కంటిమీద కునుకు లేదు. వెంటనే ఆయనకు ఫోన్ చేసి రమ్మన్నాడు. ఫోన్లో పిలుపు పిలుపే కాదని ఆయన పెట్టేశాడు. తమ్ముడు కార్డు ఫొటో తీసి పంపాడు. ఆయన తెరిచి కూడా చూడలేదు.

అక్కకు చెప్పక తప్పలేదు. ఆమె బళ్ళో లెక్కల టీచరు. తొణకలేదు, బెణకలేదు.

"ఆయన రాకపోతే పెళ్ళి లేదు. వెళ్ళి పిలిచి రారా" అంది.

సాయంత్రం తమ్ముడు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. తలుపు తీసే ఉంది. నేరుగా లోపలికొచ్చి, సోఫాలో కూలబడి, ఒంటిచేత్తో కార్డు చాచాడు. ఆయన ఆ కార్డు వైపు చూడలేదు. కళ్ళజోడు సర్దుకున్నాడు.

"పిలవడానికి వచ్చేవాళ్ళు తలుపు కొట్టి వస్తారు బాబూ. కూర్చోమంటే కూర్చుంటారు."

మొగుడూ పెళ్ళాలిద్దరూ లేచి బయటికి నడిచారు. వాళ్ళ వెనక తలుపు మూసుకుంది. బెల్లు కొట్టారు. లోపల అలికిడి లేదు. వెంటనే తీస్తే కాచుకుని కూర్చున్నట్టు ఉంటుందని ఆయన ఉద్దేశం. కాసేపటికి తలుపు తెరిచి, ముఖం చాటంత చేసుకుని, "అరె, మీరా? రండి రండి. ఏంటి విశేషం?" అన్నాడు.

అన్న కొడుకు గోడవైపు తిరిగి నవ్వాపుకున్నాడు.

"మా అక్క పెళ్ళండీ" అన్నాడు తమ్ముడు, ఈసారి రెండు చేతులా కార్డు అందిస్తూ. "మీరు తప్పకుండా రావాలి."

ఆయన కవరు తిప్పి చూశాడు. పేరు పక్కన 'సకుటుంబంగా' అని రాసి ఉంది. పెన్ను అడిగి తీసుకుని ఆ మాట కొట్టేశాడు. ఒంటరివాణ్ణి, లేని కుటుంబాన్ని ఎక్కణ్ణుంచి తెస్తానని సంజాయిషీ కూడా చెప్పాడు. తమ్ముడి భార్య ఏదో అనబోయింది. తమ్ముడు మోచేత్తో పొడిచాడు.

అంతటితో అయిపోలేదు. పిలవడానికి వచ్చినవాళ్ళను పెళ్ళికొడుకు గురించి నాలుగు మాటలు అడగడం మర్యాద. ఆయన మర్యాద తప్పే మనిషి కాదు.

"పెళ్ళికొడుకు ఎలాంటివాడు?"

తమ్ముడు నీళ్ళు నమిలాడు. భార్య వైపు చూశాడు.

"మనిషి మంచివాడేనండీ. కాస్త చాదస్తం."

"అంతేగా. మీ అక్కగారు సర్దుకుపోతారు లెండి."

"అదే మా ధైర్యం" అనేసింది తమ్ముడి భార్య.

ఆయన నొచ్చుకోలేదు. టీ తాగి వెళ్ళమన్నాడు. అడగ్గానే పుచ్చుకోవడం పద్ధతి కాదు గనక వాళ్ళు వద్దు వద్దంటూనే తాగారు. గుమ్మందాకా వచ్చి సాగనంపాడు. తమ్ముడి గుండె మీద నుంచి బండ దించినట్టయింది. సగం మెట్లు దిగాడో లేదో, పైనుంచి ఆయన గొంతు వినిపించింది.

"వస్తానని మాటివ్వలేను సుమా. వీలు చూసుకుంటాను."

తమ్ముడు మెట్ల మీదే చతికిలబడ్డాడు.

మర్నాడు హాలు కిటకిటలాడిపోయింది. వేళ మించిపోతోంది. వేదిక మీద కూర్చున్న పెళ్ళికూతురి చూపులన్నీ గుమ్మం మీదే ఉన్నాయి. తొణకని మనిషి కూడా చీర చెంగు నలిపేస్తోంది. తమ్ముడు గేటుకీ రోడ్డుకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అతిథులు చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టారు.

చివరికి కారు ఆగింది. కొత్త సూటులో ఆయన దిగాడు. తమ్ముడు పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కురాబోయాడు. ఆయన చెయ్యి విడిపించుకుని, జేబులోంచి కార్డు తీసి, గుమ్మంలో ఉన్న వాచ్‌మన్‌కి చూపించాడు. వాచ్‌మన్ అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చాడు.

అప్పుడు తీరిగ్గా నడిచి, మొదటి వరుస దాటి, వేదిక ఎక్కి, పెళ్ళికూతురి పక్కన కూర్చున్నాడు పెళ్ళికొడుకు.